ఎక్కడ ఆగినవ్

కరీంనగర్ దాటి కొంత దూరం పోతే విశ్వవిద్యాలయం. అక్కడ కామర్స్ విభాగం వెనక ఒక చిన్న గది ఉంది. ఒకప్పుడు అందులో విరిగిన బల్లలు పడేసేవాళ్లు. మధులిక మేడం వాటిని తీయించి, ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించింది. గోడకు నల్లబల్ల కొట్టించింది. తలుపు మీద సుద్దముక్కతో ‘తోడు చదువు’ అని తనే రాసింది. ఎం.కాం. రెండో ఏడు చదివేవాళ్లు మొదటి ఏడు వాళ్లకు అక్కడ కూర్చుని చదువులో సాయం చేయాలి. పాఠం అధ్యాపకులు చెప్తారు. అది తలకెక్కనప్పుడు పక్కన కూర్చునేది వీళ్లు. ఎవరికి ఎవరో చీటీలు తీశారు.

వందన తీసిన చీటీలో అరుణ్ అని ఉంది. తనకంటే ఏడాది చిన్నవాడై ఉంటాడనుకుంది. గదిలోకి పోయేసరికి ముప్పై ఏళ్ల మనిషి లేచి నిలబడ్డాడు. దట్టమైన మీసం, ఎండకు కమిలిన మెడ. చొక్కా జేబులో రెండు పెన్నులు.

“నమస్తే మేడం,” అన్నాడు.

మధులిక మేడం వచ్చిందేమోనని వందన వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్తే నర్మద పొలమారేదాకా నవ్వింది. నర్మద హాస్టల్లో వందన గదిలోనే ఉంటుంది. ఊరు ఆదిలాబాద్. నవ్వొచ్చినా కోపమొచ్చినా ముందు మరాఠీ పలుకుతుంది, తర్వాతే తెలుగు.

“అగ బాయీ, నీ విద్యార్థికి మీసాలున్నయి గదనే,” అంది. “రేపు ఆయిన బిడ్డ ప్రోగ్రెస్ కార్డు గూడ తెచ్చి నీతోనే సంతకం పెట్టిచ్చుకుంటడు.”

అరుణ్‌కు నిజంగానే బిడ్డ ఉంది. ఖానాపూర్ అవతల వాళ్ల ఊరు. నిర్మల్‌లో డిగ్రీ చదివి మస్కట్ పోయాడు. అక్కడ సెంట్రింగ్ పని. స్లాబు కింద చెక్కలు బిగించడం, స్లాబు ఆరాక ఊడదీయడం. పనిచేసే చోట ఒక అద్దాల గది ఉండేదట. అందులో కంపెనీ లెక్కలు చూసే మనిషి కూర్చునేవాడు. చెక్కలు మోస్తూ రోజూ దాని ముందునుంచే పోయేవాణ్నని, తాను చదివింది కూడా ఆ చదువే గదా అని ఒకరోజు అనిపించిందని అరుణ్ మొదటి రోజే చెప్పాడు. ఇంకా చెప్పేవాడేమో. మేడం ముందు ఎక్కువ మాట్లాడుతున్నానని ఆగిపోయాడు.

సెలవు మీద ఇంటికొచ్చినవాడు తిరిగి పోలేదు. ప్రవేశ పరీక్ష రాశాడు. సీటొచ్చింది. ఇంటి దగ్గర భార్య బీడీలు చేస్తుంది. ఒక్క ఏడాది చూద్దాం అంది ఆమె. కానీ మస్కట్ కంపెనీ అంతకాలం ఆగదు. చలికాలం పోయేలోపు వస్తే పాత పని పాత జీతం, రాకుంటే ఇంకొకణ్ని పెట్టుకుంటాం అని కబురు చేసింది. అందుకని అరుణ్ తనలో తాను ఒక మాట అనుకున్నాడు. మొదటి సెమిస్టర్ గట్టెక్కితే చదువు. లేకుంటే పాస్‌పోర్టు తీసుకుపోయి నిర్మల్‌లో ఏజెంటు చేతిలో పెట్టడమే.

మిగతా పేపర్లకు అతనికి భయం లేదు. భయమంతా క్వాంటిటేటివ్ టెక్నిక్స్ మీద. పిల్లలందరూ దాన్ని క్యూటీ అంటారు. సగటులు, విచలనాలు, సంభావ్యత. వందనకు వాటి మీద గట్టి పట్టు. అవి ఎవరికైనా చెప్పడమంటే ఆమెకు ఇష్టం కూడా. హాస్టల్లో పరీక్షల ముందు ఆమె మంచం మీద కూర్చోవడానికి చోటు దొరకదు.

మొదటి రోజు ఆమె పుస్తకం తెరుస్తూ చాలా మర్యాదగా ఒక మాట అంది. “గివన్నీ నీకు డిగ్రీలనే తెలిసి ఉంటయి గదా అన్నా. ఒక్కసారి యాది చేస్త, అంతే.”

“ఆఁ, తెలుసు మేడం,” అన్నాడు అరుణ్.

మేడం అనొద్దని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు పోలేదు. వందన నల్లబల్ల మీద లెక్క చేసేది. అరుణ్ దాన్ని చక్కటి అక్షరాలతో ఎక్కించుకునేవాడు. గీతలు స్కేలుతో గీసేవాడు. లెక్క అయ్యాక ఆమె అడిగేది, సమజైందా అన్నా అని. సమజైంది మేడం అనేవాడు. ఇంకో లెక్క. ఇంకోసారి సమజైంది.

ఎప్పుడైనా అతన్నే చేయమని ఇస్తే, సగంలో ఎక్కడో తప్పు పోయేది. ఎనిమిదేళ్లు పెద్దవాణ్ని తప్పు అనడానికి ఆమెకు నోరు రాలేదు. ఇంట్లో అన్న వరస వాళ్లను, బాబాయి వరస వాళ్లను ఎన్నడూ ఆ మాట అనలేదు. కాగితం మెల్లగా తన వైపు లాక్కుని, తన పెన్నుతో దిద్ది, ఏమీ జరగనట్టు తిరిగి జరిపేది. అతనూ ఏమీ జరగనట్టు తీసుకునేవాడు. దిద్దినదాన్ని మళ్లీ నీటుగా ఎక్కించుకునేవాడు.

ఒకసారి తన క్యాలిక్యులేటర్ ఇచ్చింది. దోహాలో పనిచేసే తండ్రి తెచ్చింది అది. నీ దగ్గరే ఉంచుకో అన్నా, పరీక్షలయ్యాక ఇద్దువు అంది. అతను దాన్ని జేబురుమాలులో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

వారానికోసారి మధులిక మేడం అందరినీ పిలిచి ఎట్లా నడుస్తోందని అడిగేది.

“మంచిగ నడుస్తుంది మేడం,” అనేది వందన. మిగతావాళ్లూ అదే మాట అనేవాళ్లు.

కార్తీకంలో ఇంటర్నల్ పరీక్ష పెట్టారు. అసలు పరీక్షకు ముందు విభాగంలోనే పెట్టే చిన్న పరీక్ష అది. కాగితాలు దిద్దాక మేడం వందనను తన గదికి పిలిచింది. అరుణ్ కాగితం ఆమె ముందు పెట్టింది. పేరు ఉంది. హాల్ టికెట్ నంబరు ఉంది. ప్రశ్నలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. ఒక్కో ప్రశ్న కింద సగం పేజీ ఖాళీ వదిలి, తర్వాతి ప్రశ్న. జవాబు ఒక్కటి కూడా లేదు.

మేడం కోప్పడలేదు. ఒక పెద్దాయనకు నువ్వు చెప్పడం ఇబ్బందిగా ఉన్నట్టుంది, రీసెర్చ్ చేసే వంశీధర్‌రావుకు అప్పజెప్తాను, ఆలోచించి సోమవారం చెప్పు అంది. వందన కాగితం వంకే చూస్తూ తలూపింది. బయటకొచ్చాక గానీ ఆమెకు కోపం రాలేదు. వచ్చింది మాత్రం అరుణ్ మీద. మూడు నెలలు కళ్లలోకి చూసి అబద్ధం చెప్పాడు.

“మూడు నెల్ల సంది నువ్వు గోడకు చెప్పినవన్నట్టు,” అంది నర్మద. “గోడకు మీసాలు మొలిచినయి, గంతే.”

మర్నాడు అరుణ్ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. గురువారం సాయంత్రం వందన మంథని బస్సెక్కింది. శుక్రవారం క్లాసులు ఎగ్గొట్టడం ఆమెకు అదే మొదటిసారి.

పెద్దపల్లి దాటినప్పటి నుంచి రోడ్డుకు ఒక పక్కన వడ్లే. రెండు రోజుల కింద కాలం గాని కాలంలో వాన కొట్టింది. ఆడవాళ్లు టార్పాలిన్లు తీసి తడిసిన వడ్లు పరిచి నెరుపుతున్నారు. ఊళ్లో దిగేసరికి ఆమె కన్నతల్లి, అవ్వ కూడా అదే పనిలో ఉంది. కొనుగోలు కేంద్రం ముందు వాళ్ల కుప్ప అడుగుభాగం నాని మొలకలొచ్చింది. వందన చున్నీ నడుముకు చుట్టి పార పట్టింది. ఎందుకొచ్చావని అవ్వ అడగలేదు. కడుపునిండ తింటున్నవా అని మాత్రం అడిగింది.

అవ్వ పేరు యాదవ్వ. బాపు లచ్చయ్య. వందన మూడో తరగతిలో ఉన్నప్పుడు ఆయన దోహా పోయాడు. శుక్రవారం ఆయనకు సెలవు. ఆ రోజు పొద్దున ఫోన్ వస్తుంది. వందన పెరిగిందంతా ఆ శుక్రవారాల మీదనే.

ఫోన్‌లో మర్నాడు పొద్దున బాపు ముఖం కనబడింది. అంతా మంచిదేనా అన్నాడు.

“అంతా మంచిదే,” అంది అవ్వ. “వడ్లు తీస్కున్నరు. ఏం ఫికర్ లేదు.”

వందన అవ్వ ముఖం వైపు చూసింది. కుప్ప ఇంకా రోడ్డు మీదే ఉంది. ఆమె కాళ్లకు ఇంకా బురద ఉంది. కానీ ఇది కొత్త కాదు. సముద్రం అవతల ఉన్న మనిషికి ఇంటి బాధ చెప్పకూడదు. ఆయన చేయగలిగింది లేదు, నిద్ర మాత్రం చెడుతుంది. ఆ వాడకట్టులో ఫోన్ పట్టుకున్న ప్రతి ఇంట్లో ఇదే మాట. అవతలి వాళ్లదీ ఇదే మాట.

నువ్వెట్లున్నవని అవ్వ ఆయన్ని అడగలేదు. “ఇయ్యాల ఏం వండినవ్?” అంది.

“ఏం వండలే. గదిల ఉండే హనుమండ్లు రొట్టెలు తెచ్చిండు, అవే తిన్న.”

ఇంకా కొంచెంసేపు మాట్లాడారు. నేను మంచిగున్న అన్నాడు బాపు. ఫోన్ పెట్టేశాక అవ్వ అక్కడే కూర్చుండిపోయింది. చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. ఏమైందని వందన అడిగింది.

“మీ బాపుకు పాణం బాగలేదు.”

“మంచిగున్న అన్నడు గదా అవ్వా.”

“మంచిగున్నవా అంటే ఏమంటడు, మంచిగున్ననే అంటడు,” అంది అవ్వ. “శుక్రారం నాడు కూర వండకుంట మీ బాపు ఎన్నడన్న ఉన్నడా? జరమన్న వచ్చి ఉండాలె, నడుమన్న పట్టి ఉండాలె. పొయ్యి సంగతి అడిగితే అబద్ధమాడుడు రాదు ఆయినెకు.”

వందన పార తీసుకుని కుప్ప దగ్గరికి పోయింది. వడ్లు నెరుపుతూ ఉంది. ఇన్నేళ్లుగా అవ్వ అదే ప్రశ్న అడుగుతుంటే విన్నది. తిండి మీద అక్కరతో అడుగుతోందనుకుంది. మధ్యాహ్నం ఎండ కాసింది. పైన పొర ఆరి తేలికపడుతుంటే కిందిది తడిగానే ఉంది. పార లోపలికి దింపి తిరగేస్తే గానీ కనపడదు. ఆమెకు అరుణ్ కాగితం గుర్తొచ్చింది. సమజైందా అన్నా అని తను ఎన్నిసార్లు అడిగిందో కూడా గుర్తొచ్చింది. మేడం అడిగితే మంచిగ నడుస్తుందని తనేం చెప్పిందో అదీ గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున తనే బాపుకు ఫోన్ చేసింది. అవ్వ బావి దగ్గర ఉంది.

“బాపూ, వడ్లు తీస్కోలే. నానినయి. అడుగున మొలకలొచ్చినయి. ఎండబోస్తున్నం,” అంది.

లచ్చయ్య గొంతు మెల్లగా వచ్చింది. నడుం పట్టేసిందని, వారం నుంచి డ్యూటీకి పోలేదని, దవాఖానలో గోలీలిచ్చారని, ఇప్పుడు లేచి తిరుగుతున్నానని చెప్పాడు. మీ అవ్వకు చెప్పకు అన్నాడు. అవ్వకు ఎప్పుడో తెలుసు బాపూ అంది వందన. ఆయన నవ్వాడు. నవ్వితే నడుం కలుక్కుమంది కాబోలు, అబ్బా అన్నాడు. ఆ ‘అబ్బా’ వినడం వందనకు ఎందుకో నిమ్మళంగా అనిపించింది.

సోమవారం ఆమె మధులిక మేడంను కలిసింది. తప్పు తనది కూడా అని చెప్పింది. అరుణన్నను అసలు పరీక్ష దాకా తనకే ఉంచమంది. ఇన్ని రోజులు మంచిగ నడుస్తుందని చెప్పింది నిజం కాదని కూడా చెప్పింది. మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మిగిలిన జంటల సంగతి కూడా ఇంతేనంటావా అని అడిగింది. తెల్వది మేడం అంది వందన. సరే పో, ఉంచుకో అంది మేడం.

ఉంచుకోవడానికి మనిషి ఉండాలి గదా. అరుణ్ పోయిన వారం నుంచి క్లాసులకే రావడం లేదు.

మంగళవారం మధ్యాహ్నం అతనే వచ్చాడు, తోడు చదువు గదికి. చేతిలో సంచి ఉంది. గుమ్మంలోనే నిలబడి జేబురుమాలు విప్పి, క్యాలిక్యులేటర్ తీసి బల్ల మీద పెట్టాడు.

నిర్మల్ పోతున్న మేడం అన్నాడు. పాస్‌పోర్టు ఇచ్చి వస్తానని చెప్పాడు. మీరు మంచిగనే చెప్పిండ్రు, మీదేం లేదు, అంతా మంచిదే అన్నాడు. ఆఖరి మాట అంటున్నప్పుడు అతని కళ్లు తలుపు మీది సుద్ద అక్షరాల వైపు ఉన్నాయి.

వందన అతన్ని ఆపలేదు. కారణాలు అడగలేదు.

“అన్నా, మస్కట్ల శుక్రారం నాడు ఏం వండుకునేటోల్లు?” అంది.

అరుణ్ అర్థంకానట్టు చూశాడు. తర్వాత సంచి కింద పెట్టాడు. “చాపలు,” అన్నాడు. అక్కడ చేపలు చవక అని, గదిలో జగిత్యాలాయన ఒకడు చింతపులుసు పెట్టేవాడని, తాను ఉల్లిగడ్డలు కోసేవాణ్నని చెప్పాడు. కుర్చీలో కూర్చున్నాడు. చెప్తుంటే అతని చేతులు ఉల్లిగడ్డలు కోస్తున్నట్టే కదిలాయి. ఆ గదిలో అతను అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి.

“వండుకోని శుక్రారాలు గూడ ఉండె గదా?”

“ఉండె.”

“గప్పుడు ఇంటికి ఏం చెప్పేటోనివి?”

“ఏం చెప్త? అంతా మంచిదే అని చెప్పేటోన్ని.”

“మా బాపు గూడ గంతే చెప్తడు,” అంది వందన. “పదిహేనేండ్లు కావొస్తుంది, దోహాల ఉండవట్టి.”

బయట గ్రానైట్ రాళ్ల లారీ ఒకటి మెల్లగా పోయింది. కిటికీ ఊచలు కొంచెం అదిరి ఆగాయి. వందన పుస్తకం తెరిచింది. మొదటి పాఠం, మొదటి పేజీ.

“సమజైందా అని నిన్ను ఇగ అడుగనే అడుగ. ఇక్కడి నుంచి వేలు పెట్టుకుంట రా. ఎక్కడ ఆగినవో గాడ ఆపు.”

అరుణ్ వేలు పేజీ మీద పెట్టాడు. గోరు పక్కన పాత మేకు దెబ్బ మచ్చ ఉంది. మొదటి వాక్యం దాటింది వేలు. రెండోది దాటింది. సూత్రం దగ్గరికి వచ్చింది. ఆగింది. దాటబోయి మళ్లీ వెనక్కి వచ్చింది.

“గిది,” అన్నాడు. “ఇంగ్లీషు ఈని ఎవలో తొక్కినట్టుంటది సూడు, గిది. గిదేందో నాకు తెల్వది.”

అది సిగ్మా. ఆ పుస్తకంలో అది లేని పేజీ లేదు. వందన నవ్వలేదు. నవ్వు రాలేదు కూడా.

“కూడుమని అన్నా. దాని పక్కనున్నయి అన్నీ కూడుమని.”

“గంతేనా?”

“గంతే.”

అరుణ్ రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. మూడు నెలల సంది దాన్ని అందంగ రాస్తున్న అన్నాడు. మొదటి రోజే అడగాలనుకున్నాడట. ఇవన్నీ నీకు డిగ్రీలోనే తెలుసు గదా అని ఆమె అనేసరికి ఆఁ అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా ఆ ఆఁ అబద్ధమని తేలుతుంది. డిగ్రీలో గైడు పుస్తకం బట్టీపట్టి గట్టెక్కానని, అది కూడా ఎనిమిదేళ్ల కిందటి మాట అని చెప్పాడు.

వందన ఆ మాట మర్యాద కోసం అన్నది. ఆ సంగతి అతనికి చెప్పబోయి ఊరుకుంది.

“నేను గూడ ఒకటి చెప్త అన్నా,” అంది. “నీ లెక్క తప్పు పోతే తప్పు అనుడు నాకు రాలే. నేనే దిద్దేసిన.”

“నాకెర్కే,” అన్నాడు అరుణ్.

నిర్మల్ బస్సు ఇంకో గంటకు ఉంది. అతను సంచి వైపు చూశాడు. క్యాలిక్యులేటర్ వైపు చూశాడు. పరీక్ష సంక్రాంతి దాటాక. ఏజెంటు అప్పటిదాకా ఆగుతాడేమో అడుగుతానని బయటికి పోయి ఫోన్ చేసి వచ్చాడు. పరీక్ష రోజు సాయంత్రం వరకు ఆగుతానన్నాడట, ఆ పైన ఒక్క రోజు కూడా ఆగనన్నాడట.

“అయితే రెండో లైన్ చూద్దాం,” అంది వందన.

ఆ తర్వాతి రోజులు సాఫీగా ఏమీ సాగలేదు. ఇద్దరికీ పాత అలవాట్లు గట్టివి. అరుణ్ నోటినుంచి సమజైంది అనే మాట దానంతటదే జారేది. ఎవరి నోట ఆ మాట వస్తే వాళ్లు చాయ్ తాగించాలని నర్మద ఒక జుర్మానా పెట్టింది. తీర్పు చెప్పేది తానే కాబట్టి చాయ్ తనకే. మొదటి వారమంతా అరుణ్ ఖర్చు మీద ఆమె చాయ్ తాగింది. మీ మీసాలాయన చల్లగుండాలె అనేది. రెండో వారంలో అలవాటున వందన కూడా ఒకసారి, సమజైందా, అనేసి నాలుక కరుచుకుంది. ఆ రోజు చాయ్ మీద మిరపకాయ బజ్జీ కూడా పెట్టించింది నర్మద.

తప్పు అనే మాట వందనకు ఇంకా కష్టమైంది. మొదటిసారి అన్నప్పుడు ఆమె గొంతు ఆమెకే వినపడలేదు.

“తప్పన్నా.”

అరుణ్ పెన్ను ఆపాడు. చెవులు ఎర్రబడ్డాయి, ఆమెవి, అతనివి కూడా.

“ఇంకోసారి చెప్పు చెల్లె,” అన్నాడు. “ఏడ తప్పో గట్టిగ చెప్పు.”

మేడం పోయి చెల్లె వచ్చిన సంగతి ఇద్దరూ ఆ రోజు గమనించలేదు.

ఒకరోజు మాత్రం చెడింది. సంభావ్యత లెక్క. అప్పుడు గదిలో మొదటి ఏడు వాళ్లు ఇంకో ఇద్దరు ఉన్నారు. వరుసగా మూడుసార్లు తప్పు అంది వందన. మూడోసారి అరుణ్ పుస్తకం మూశాడు. నా కంటె చిన్నదానివి, జర చూసి మాట్లాడు అన్నాడు. లేచి పోయాడు. ఆ ఇద్దరూ తలలు దించుకుని రాస్తున్నట్టు కూర్చున్నారు. వందన సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల వైపు తిరిగి నిలబడింది. అయిపోయింది అనుకుంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నర్మద కూడా ఆ పూట జోకులు వేయలేదు. పళ్లెం తెచ్చి మంచం మీద పెట్టి, తిను, రేపు తిట్టనీకన్నా బలం గావాలె గదనే అంది.

మర్నాడు వందన గదికి పోయేసరికి అతను అప్పటికే వచ్చి ఉన్నాడు. నల్లబల్ల తుడిచి ఉంది. నిన్నటి లెక్క దాని మీద రాసి ఉంది, సగం వరకు.

“నిన్న గాడ ఆగిన,” అన్నాడు అరుణ్. “గాడికెల్లి చెప్పు.”

నిన్నటి గురించి అంతకుమించి ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

సగటులు వచ్చాయి. విచలనం వచ్చింది. సంభావ్యత కుంటుతూ వచ్చింది. చివరి పాఠంలో పట్టిక చూసి విలువ తీయడం మాత్రం ఒకరోజు వచ్చేది, ఇంకోరోజు పోయేది. వందన ఇప్పుడు వారానికోసారి మేడం దగ్గరికి పోతే, పట్టిక దగ్గర ఆగినం మేడం అని చెప్పేది. ఆమెను చూసి మిగతా వాళ్లూ ఎక్కడెక్కడ ఆగిందీ చెప్పడం మొదలుపెట్టారు. కొన్నిచోట్ల అందరూ ఒకేచోట ఆగి ఉన్నారు. ఆ పాఠాలు మేడం మళ్లీ చెప్పింది.

ఆఖరి పేపరు క్యూటీ. ఆ పరీక్ష రోజు వచ్చింది. అరుణ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చొక్కా జేబులో రెండు పెన్నులతో పాటు పాస్‌పోర్టు కూడా ఉంది. పరీక్ష కాగానే నిర్మల్ బస్సు. దాన్ని వందన చేతికిచ్చి లోపలికి పోయాడు. నీలం అట్ట, మూలలు అరిగి ఉంది. ఆమె దాన్ని తెరవలేదు. పరీక్ష భవనం ఎదురుగా మెట్ల మీద కూర్చుని, నర్మద తెచ్చిన పల్లికాయలు ఒలుస్తూ ఉంది. తినలేదు. నర్మదే తింటూ ఉంది.

గంట కొట్టాక పిల్లలు గుంపుగా బయటికొచ్చారు. ఎట్ల రాసినవ్, మంచిగ రాసిన, సూపర్ రాసిన అని ఒకరినొకరు అడుగుతున్నారు, చెప్పుకుంటున్నారు. అరుణ్ అందరికంటే చివర వచ్చాడు. వేళ్లకు సిరా అంటింది. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. ఎట్ల రాసినవన్నా అని నర్మద నోరు తెరవబోతే వందన ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“ఎక్కడ ఆగినవ్?” అంది.

అరుణ్ మెట్టు మీద కూర్చున్నాడు.

“ఐదో దాంట్ల,” అన్నాడు. “సగం దాక పోయిన. పట్టిక కాడ ఆగిన. అడ్డంగ చూడాల్నా నిలువుగ చూడాల్నా యాదికి రాలే. గది వదిలిపెట్టిన. తక్కినయి నాలుగు చేసిన. మూడోది సరిగొచ్చిందని గట్టిగ చెప్తలే గని, జవాబు దాక అయితే పోయిన.”

వందన విన్నది. అతను ఇంకా చెప్తున్నాడు. రెండో దాంట్లో కూడిక తేడా వస్తే మళ్లీ మొదటినుంచి కూడాడట. సిగ్మా కనబడ్డ ప్రతిచోటా లోపల నవ్వుకున్నాడట. ఖాళీ కాగితం ఇచ్చిన మనిషి ఇతనేనా అన్నట్టు నర్మద పల్లికాయ నోట్లో వేసుకోకుండా చూస్తోంది.

వందన పాస్‌పోర్టు అతనికి అందించింది. బస్సు టైమైంది అని మాత్రం అంది.

అరుణ్ దాన్ని తీసుకున్నాడు. రెండు వైపులా చూశాడు. ప్యాంటు వెనక జేబులో పెట్టుకుని, ఫోన్ తీసి రెండు చోట్లకు చేశాడు. ముందు ఏజెంటుకు. “అన్నా, నేను వస్తలేను. ఇంకెవలనన్న చూస్కోండ్రి,” అన్నాడు. అవతలివాడు ఏదో గట్టిగా అన్నాడు. ఆఁ ఆఁ అని విన్నాడు అరుణ్. ఆలోచించే చెప్తున్న అన్నాడు. తర్వాత ఇంటికి చేశాడు. భార్య ఏం అడిగిందో వీళ్లకు వినపడలేదు.

“నాలుగు రాసిన. ఒక్కటి ఆగింది,” అన్నాడు అరుణ్. “అంతా మంచిదే అని చెప్తలేను. ఆగింది, గంతే.”

ఫోన్ పెట్టేశాక వందన అడగకుండా ఉండలేకపోయింది. ఫలితాలు రాకముందే అట్లా చెప్పేశావేంది అన్నా, ఒకవేళ ఫెయిలయితే అంది.

“ఫెయిలయితే మళ్ల రాస్త చెల్లె. ఏడ ఆగిననో తెలుసు గదా.”

నర్మద పల్లికాయల పొట్లం అతని ముందుకు జరిపింది. ముగ్గురూ కాసేపు పల్లికాయలు తిన్నారు. మెట్ల మీద పొట్టు చేరింది. ఎండ పక్కకు తిరిగింది.

అరుణ్ లేస్తుంటే వందనకు క్యాలిక్యులేటర్ గుర్తొచ్చింది. పరీక్షలయ్యాక ఇద్దువు అన్న మాట అతనికీ గుర్తుంది. సంచిలోంచి జేబురుమాలు మూట తీశాడు. ఇవ్వబోయి ఆగాడు.

“వచ్చే సెమిస్టర్ల గూడ లెక్కల పేపర్ ఉన్నదట గదా?”

“ఉన్నదన్నా.”

“దాంట్ల గూడ గా తొక్కిన ఈ ఉంటదా?”

“ఉంటది. ఇంకా ఎక్కువనే ఉంటది.”

“ఉండనీ,” అన్నాడు అరుణ్. మూటను మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.